పల్నాడులో రెండు రోజులు: స్నేహం, నమ్మకం రెండూ గట్టిపడే వీకెండ్ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఈసారి ఎపిసోడ్ కొంచెం పెద్దది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినేవాళ్ళు వినండి. బస్సులోనో క్లాసులోనో ఉండి వినడం కుదరనివాళ్ళ కోసం మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం.

ముందు ఒక ప్రశ్న. మీ గ్యాంగ్‌తో చివరిసారి ట్రిప్‌కి వెళ్ళినప్పుడు ఏం తిన్నారో గుర్తుంటుంది, ఏ రీల్ తీశారో గుర్తుంటుంది. కానీ ఏం మాట్లాడుకున్నారో గుర్తుందా? చాలామందికి గుర్తుండదు. ఎందుకంటే పెద్దగా మాట్లాడుకోం కాబట్టి. వెళ్ళాం, ఫొటోలు దిగాం, రాత్రి రూములో పాటలు పెట్టుకున్నాం, పొద్దున్నే లేచి వచ్చేశాం. సోమవారం మళ్ళీ వాట్సాప్ గ్రూపులో మీమ్స్. ట్రిప్ అయిపోయింది, మనం మాత్రం ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం.

ఊరికి దూరంగా ఒక కాటేజీ తీసుకుని, నలుగురు ఫ్రెండ్స్ రెండు రోజులు ఉండి వస్తే స్నేహం పెరుగుతుంది, దేవుడి మీద నమ్మకం కూడా పెరుగుతుంది అని చాలామంది చెప్తుంటారు. నిజమే, కానీ దానంతటది పెరగదు. కొండో జలపాతమో చూస్తే వచ్చేది కాదు అది. ఆ రెండు రోజుల్ని ఎలా గడపాలి అనే పద్ధతి ఒకటి ఉంటుంది. ఆ పద్ధతి కోసం మనం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. మన పల్నాడులోనే, నరసరావుపేట నుంచి సాగర్ దాకా ఉన్న దారిలోనే, అది ఎప్పటినుంచో ఉంది. ఇవాళ దాని గురించే.

ఇది కొత్త ఐడియా ఏం కాదు

మన ఊళ్ళలో చూడండి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు దీక్షలో ఉంటారు. కలిసి భజన, కలిసి భిక్ష, చివర్లో ఇరుముడి కట్టుకుని కలిసి ప్రయాణం. చర్చిలో యూత్ రిట్రీట్ అని రెండు మూడు రోజులు పిల్లల్ని ఊరి బయట ఏదో క్యాంపస్‌కి తీసుకెళ్తారు. మసీదు నుంచి మూడు రోజుల జమాత్‌కి వెళ్ళేవాళ్ళు వేరే ఊరి మసీదులోనే పడుకుని, వాళ్ళ వంట వాళ్ళే వండుకుంటారు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. దేవుడి పేరు వేరు, పాట వేరు. కానీ లోపలి కట్టడి ఒకటే. ఇల్లు వదిలి వెళ్ళడం, టైం ప్రకారం నడుచుకోవడం, ఒక్క పంక్తిలో తినడం, కాస్త కష్టం కలిసి పడటం, రోజుకి కొంతసేపు మౌనంగా ఉండటం. ఈ ఐదూ ఉన్నాయి కాబట్టే ఆ గుంపుల్లో ఉన్నవాళ్ళు ఏళ్ళ తర్వాత కూడా ఒకరినొకరు వదలరు. మన వీకెండ్ ట్రిప్పుల్లో ఒక్క 'ఇల్లు వదలడం' మాత్రమే ఉంటుంది. మిగతా నాలుగూ ఉండవు.

మేం నలుగురం ఈ రూటులో తిరిగొచ్చాం. నలుగురం ఒకే కాలేజీ. ఒకడు ఏటా మాల వేస్తాడు. ఒకడు చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. ఒకడు దేవుడు లేడంటాడు. నాలుగోవాణ్ణి నేను. ఇలాంటి మిక్స్ మీ గ్యాంగ్‌లో కూడా ఉంటుంది కదా? అందుకే ఈ ప్లాన్ ఒక్క మతం వాళ్ళ కోసం కాదు. ఎవరి నమ్మకం వాళ్ళు పట్టుకునే, నలుగురూ కలిసి ఉండే ప్లాన్.

శనివారం పొద్దున: కోటప్పకొండ, మెట్ల దారి

నరసరావుపేట దగ్గరే కాబట్టి ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. ఘాట్ రోడ్డు ఉంది, బండి పైదాకా పోతుంది. కానీ మీరు మెట్ల మీద నడిచి ఎక్కండి. కారణం చెప్తాను.

కొండ కథ మీలో చాలామందికి తెలుసు. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి శివుణ్ణి సేవించేది. గర్భవతి అయ్యాక కూడా మానలేదు. ఎక్కలేకపోతున్నాను స్వామీ, నువ్వే దిగి రా అని అడిగింది. సరే, నువ్వు ముందు నడువు, నీ వెనకే వస్తాను, కానీ వెనక్కి తిరిగి చూడొద్దు అన్నాడు శివుడు. ఆమె నడుస్తూ నడుస్తూ మధ్యలో తిరిగి చూసింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇప్పుడు మనం దర్శనం చేసుకునే గుడి ఆ ఆగిపోయిన చోటే అంటారు.

ఈ కథలో నాకు నచ్చేది ఏంటంటే, ఆమెది చిన్న భక్తి కాదు. రోజూ కొండెక్కిన మనిషి. అయినా 'వెనకే వస్తున్నాడా లేదా' అని ఒక్కసారి చెక్ చేసింది. మనం ఫోన్ విషయంలో చేసేది అదే. మెసేజ్ చూశాడా, బ్లూ టిక్ పడిందా, స్టేటస్ ఎవరు చూశారు. నమ్మకం అంటే కాసేపు చెక్ చేయకుండా ఉండగలగడం. దేవుడి దగ్గరైనా అంతే, ఫ్రెండ్ దగ్గరైనా అంతే.

అందుకని మొదటి రూల్. మెట్లు మొదలైనప్పటి నుంచి దిగేదాకా నలుగురిలో ఒక్కడి ఫోన్ మాత్రమే ఆన్‌లో ఉండాలి. ఇంటి నుంచి అర్జెంట్ కాల్ వస్తే దానికే వస్తుంది. ఆ నంబర్ ముందే అందరి ఇళ్ళలో ఇచ్చేయండి. మిగతా మూడు ఫోన్లూ స్విచాఫ్.

రెండో రూల్. అందరికంటే నెమ్మదిగా ఎక్కేవాడు ముందు నడవాలి. వాడి స్పీడే మీ అందరి స్పీడ్. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. చేసి చూడండి, ఫాస్ట్‌గా ఎక్కేవాడికి ఎంత కష్టమో తెలుస్తుంది. ఆ కష్టమే కావాలి మనకి.

శివరాత్రికి ఇక్కడికి వచ్చే ప్రభల్ని గుర్తు చేసుకోండి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆకాశాన్ని అంటేంత ఎత్తున కట్టి తీసుకొస్తారు. అంత ప్రభని ఒక్కడు నిలబెట్టగలడా? ఊరంతా చందా వేసుకోవాలి, ఊరంతా తాళ్ళు పట్టుకోవాలి. ఒక పక్క తాడు వదిలేస్తే మొత్తం ఒరిగిపోతుంది. 'చేదుకో కోటయ్యా' అని అరిచే భక్తి ఎంత నిజమో, పక్కవాడు తాడు వదలడనే ధీమా కూడా అంతే నిజం. ఇక్కడ భక్తిని, స్నేహాన్ని విడదీయలేం.

అయితే మీ ట్రిప్‌కి శివరాత్రి వద్దు. లక్షల జనంలో మీరు మాట్లాడుకోలేరు. మామూలు శనివారం పొద్దున్నే వెళ్ళండి. పైన స్వామిని దక్షిణామూర్తి స్వరూపంగా కొలుస్తారు. దక్షిణామూర్తి అంటే మౌనంగా ఉండే పాఠం చెప్పే గురువు. దర్శనం అయ్యాక ఒక పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చుని, అప్పుడు దిగండి.

ఇక్కడ ఒక ప్రాక్టికల్ విషయం. మీలో వేరే మతం ఫ్రెండ్ ఉంటే వాణ్ణి లోపలికి లాగొద్దు, బయట ఒంటరిగా వదిలేయొద్దు. ప్రసాదం పెట్టొచ్చు, కానీ తినాల్సిందే అని పట్టుబట్టొద్దు. వాడు వద్దంటే 'ఏంట్రా మా దేవుడంటే అంత చులకనా' అనొద్దు. వాడు కూడా మొహం తిప్పుకోకుండా, 'నా అలవాటు ఇది, ఏమనుకోకు మామా' అని నోటితో చెప్పాలి. మా వాడు అలాగే చెప్పాడు. లోపలికి వెళ్ళినవాళ్ళ చెప్పులకి కాపలా వాడే కాశాడు. ఇంకోడు, అదే దేవుడు లేడనే వాడు, వాడికి తోడు కూర్చున్నాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

మధ్యాహ్నం: కారంపూడి, ఒకే చాప మీద అన్నం

కొండ దిగాక కారంపూడి వెళ్ళండి. నాగులేటి ఒడ్డున ఉన్న ఊరు. 12వ శతాబ్దం చివర్లో పల్నాటి యుద్ధం జరిగింది ఇక్కడే.

కథ క్లుప్తంగా చెప్తాను. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరూ ఒక తండ్రి పిల్లలే. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు వలస వెళ్ళారు. తిరిగొచ్చి రాజ్యం అడిగితే ఇవ్వలేదు. రాయబారానికి వెళ్ళిన అలరాజుని విషం పెట్టి చంపారు. చివరికి ఈ నేల మీద రెండు వైపులా వీరులు ఒరిగిపోయారు. శ్రీనాథుడు 'పల్నాటి వీర చరిత్ర' రాసింది ఈ కథ మీదే.

ఇప్పటికీ ప్రతి ఏడాదీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఇక్కడ వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఐదు రోజులకీ ఐదు పేర్లు. అందులో మందపోరు రోజున జరిగేదే చాపకూడు.

చాపకూడు అంటే ఏంటి? బ్రహ్మనాయుడు కులం తేడా లేకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. దాదాపు 850 ఏళ్ళ కిందటి మాట ఇది. మాల కులంలో పుట్టిన కన్నమదాసుని సేనాపతిని చేశాడు. ఆయన కొడుకు బాలచంద్రుడికి వేర్వేరు కులాల మిత్రులు ఉండేవాళ్ళు. అన్నదమ్ముల్లాగా పెరిగారు, యుద్ధానికి కూడా కలిసే వెళ్ళారు. బ్రాహ్మణ మిత్రుడు అనపోతుని మాత్రం ఎలాగైనా బతికించుకోవాలని బాలచంద్రుడు ఏదో పని చెప్పి వెనక్కి పంపాడట. ఆ సంగతి తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడని కథ. నువ్వు లేని చోట నేనుండను అనే స్నేహం అది. ప్రాణం తీసుకోవడం నేర్చుకోమని నేను చెప్పట్లేదు. ఆ చాప మీద కలిసి తిన్నవాళ్ళ మధ్య బంధం ఎంత గట్టిదో చూడండి అంటున్నా.

ఇక్కడ మనం మాట్లాడుకోని విషయం ఒకటుంది. కాలేజీలో అందరం ఒకే ప్లేటులో బిర్యానీ తింటాం. హోటల్లో కులం అడిగేవాడు లేడు. కానీ ఎవరింటికి ఎవరు భోజనానికి వెళ్తారు? ఎవరింట్లో ఎవరు గడప దాకానే ఆగుతారు? ఎవడు ఎప్పుడు పిలిచినా 'ఇప్పుడే తినొచ్చా రా' అంటాడు? మీ గ్యాంగ్‌లో ఒకసారి లెక్కేసుకోండి. బయట ఒక్కటిగా ఉండి, ఇంటి గుమ్మం దగ్గర విడిపోయే స్నేహాలు మన జిల్లాలో చాలా ఉన్నాయి. చాపకూడు జరిగిన నేల మీదే ఉన్నాయి.

అందుకే మధ్యాహ్నం భోజనం హోటల్లో వద్దు. నలుగురూ నాలుగు ఇళ్ళ నుంచి అన్నం కట్టించుకుని రండి. ఒకరింట్లో పులిహోర, ఒకరింట్లో గోంగూర పచ్చడి, ఒకరింట్లో కోడికూర, ఒకరింట్లో పెరుగన్నం. వీరుల గుడి చూసుకుని, ఊరి బయట చెట్టు నీడన చాప పరిచి, అన్నీ మధ్యలో పెట్టి, ఎవరింటి అన్నం వాళ్ళు కాకుండా పక్కవాడి ఇంటి అన్నం తినండి. మాలలో ఉన్నవాళ్ళు, ఉపవాసం ఉన్నవాళ్ళు ఉంటే ఆ రోజు అందరూ శాకాహారమే తెచ్చుకోండి. కలిసి తినడం ముఖ్యం, కూర ఏదన్నది కాదు.

మన అమ్మలు వండిన అన్నం మన ఫ్రెండ్స్ కడుపులోకి వెళ్ళడం. ఇంతే, ఇంకేం చేయక్కర్లేదు.

సాయంత్రం: మాచర్ల మీదుగా ఎత్తిపోతల

మాచర్లలో చంద్రవంక ఒడ్డున లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి ఉంది. బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన గుడి. కాసేపు ఆగి, చీకటి పడకముందే ఎత్తిపోతల చేరండి. సాగర్ వెళ్ళే దారిలోనే వస్తుంది.

సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి నీళ్ళు పడతాయి. ఆ చంద్రవంకే ఇక్కడ జలపాతమై, కిందికి పారి కృష్ణలో కలుస్తుంది. దగ్గర్లోనే దత్తాత్రేయుడి గుడి. ఏపీ టూరిజం వాళ్ళ హరిత గెస్ట్‌హౌస్ కూడా ఇక్కడే ఉంది. ముందే బుక్ చేసుకోండి, రేట్లు వాళ్ళ సైట్‌లోనే చూసుకోండి. నేనొక నంబర్ చెప్తే అది రేపటికి మారిపోవచ్చు.

సేఫ్టీ గురించి సీరియస్‌గా చెప్తున్నా. జలపాతం కింద మడుగులోకి దిగొద్దు. ఇక్కడ మొసళ్ళ పెంపకం కేంద్రం ఉంది, మడుగులో మొసళ్ళుంటాయి. రెయిలింగ్ దాటి సెల్ఫీ వద్దు. మందు అసలే వద్దు. నీతి కోసం కాదు. రాత్రి మాట్లాడుకోబోయే మాటలు మత్తులో మాట్లాడేవి కావు. తాగి ఏడ్చినవాడు పొద్దున్నే 'నిన్న ఏదో వాగాలే' అనేస్తాడు. మనకి పొద్దున కూడా నిలబడే మాట కావాలి.

రాత్రి: ఒకరికొకరు అద్దం

ఇప్పుడు అసలు విషయం. ఈ పద్ధతి రేపు మనం చూడబోయే నాగార్జునకొండ బౌద్ధుల దగ్గరిది. ముందే తెచ్చుకుని వాడుకుందాం.

బౌద్ధ భిక్షువులు ఏడాదంతా ఊరూరా తిరుగుతారు. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒక్క చోటే ఉంటారు. దాన్ని వర్షావాసం అంటారు. మూడు నెలలు ఒకే కప్పు కింద కొంతమంది ఉంటే ఏమవుతుంది? మన హాస్టల్లో అయ్యేదే. చిన్న చిన్న చిరాకులు, అలకలు, లోపల పెట్టుకున్న మాటలు. అందుకని విడిపోయే ముందు ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. దాని పేరు పవారణ. ప్రతి భిక్షువూ మిగతావాళ్ళ ముందు కూర్చుని అడుగుతాడు: నాలో మీరు చూసిన తప్పు, విన్న తప్పు, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి, దిద్దుకుంటాను అని.

గమనించండి. ఇక్కడ ఎదుటివాడి తప్పు చెప్పడానికి ఎవరూ ఎగబడరు. ఎవరి తప్పు వాళ్ళే అడిగి చెప్పించుకుంటారు. అడిగితేనే చెప్తారు. మొత్తం తేడా అక్కడుంది.

మీరు ఇలా చేయండి. భోజనాలయ్యాక గుండ్రంగా కూర్చోండి. మొదటి రౌండ్‌లో ఒక్కొక్కరు తన పక్కవాడి వల్ల జీవితంలో ఏ మేలు జరిగిందో చెప్పాలి. 'మంచోడు రా' అంటే చాలదు, జరిగిన విషయం చెప్పాలి. రెండో రౌండ్‌లో పవారణ. అడగాలనుకున్నవాడు అడుగుతాడు, ఇష్టం లేనివాడు ఊరుకోవచ్చు, బలవంతం లేదు. మూడో రౌండ్‌లో ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవాలి. పైకి చేసేవాళ్ళు పైకి, లోపల చేసుకునేవాళ్ళు లోపల. నమ్మకం లేనివాడు ఊరికే కళ్ళు మూసుకుంటాడు.

రెండో రౌండ్‌కి ఒకే రూల్: విన్నవాడు సమాధానం చెప్పకూడదు. 'అలా కాదు రా', 'నా ఉద్దేశం అది కాదు' అనే మాటలు ఆ రాత్రికి బంద్. విని, 'సరే' అని ఊరుకోవాలి. ఇంకో మాట. అక్కడ చెప్పింది గ్రూపులోకి, స్టేటస్‌లోకి, ఇంకెవరి చెవిలోకీ వెళ్ళకూడదు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ ఇద్దరూ చెప్పొచ్చు అన్నారు కాబట్టి చెప్తున్నా.

మాల వేసే మా ఫ్రెండ్ అడిగాడు, నాలో ఏమన్నా ఉంటే చెప్పండి రా అని. అందరం ఏదో లేట్‌గా వస్తావు, డబ్బులు లెక్క చెప్పవు అని తేలికవే చెప్పాం. కీబోర్డ్ వాయించే మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు, "మీ ఇంట్లో నాకు వేరే గ్లాసులో మంచినీళ్ళు ఇచ్చారు మామా. తాగాక నన్నే కడిగి బయట బోర్లించమన్నారు. నువ్వు అప్పుడు లోపల బట్టలు మార్చుకుంటున్నావు."

"ఎప్పుడు?" అన్నాడు వాడు.

"సెకండియర్‌లో. సంక్రాంతి సెలవులకి."

అంటే మూడేళ్ళ కిందట. ఆ మూడేళ్ళూ వీళ్ళిద్దరూ ఒకే బైకు మీద తిరిగారు. ఒకడి ఫీజు ఇంకొకడు కట్టాడు. కానీ ఆ రోజు తర్వాత వాడు ఆ ఇంటి గడప ఎక్కలేదు. ఎప్పుడు పిలిచినా ఇప్పుడే తిన్నా అనేవాడు. ఎందుకో మాలో ఎవరికీ తెలియదు.

రూల్ ఉంది కాబట్టి మావాడు ఏమీ అనలేకపోయాడు. రూల్ లేకపోతే ఏమనేవాడో మనకి తెలుసు. 'పెద్దోళ్ళు కదరా, వాళ్ళ పాత అలవాట్లు, పట్టించుకోకు' అనేవాడు. మనం అందరం అనేది అదే. ఆ ఒక్క మాటతో ఎదుటివాడి బాధ చిన్నదైపోతుంది, మన బాధ్యత తీరిపోతుంది. ఆ రాత్రి ఆ మాట అనడానికి వీల్లేకపోయింది. బయట నీళ్ళ చప్పుడు వింటూ చాలాసేపు కూర్చున్నాం.

పడుకునే ముందు వాడు ఒక్కటే అన్నాడు. "నలభై ఒక్క రోజులు కనిపించిన ప్రతివాణ్ణీ స్వామీ అని పిలుస్తాను. మా ఇంట్లో వాడికి గ్లాసు వేరు."

ఇదిగో, నమ్మకం లోతుకి దిగడం అంటే ఇదీ అని నాకనిపించింది. ఎంతసేపు పూజ చేశాం అన్నది కొలత కాదు. నోటితో అన్న మాటని మన ఇంటి వంటగదిలో పెట్టి చూసుకోవడం. దానికి ఒంటరిగా కూర్చుంటే చాలదు, నిజం చెప్పే ఫ్రెండ్ ఎదురుగా ఉండాలి. తమ మార్గంలో మంచి స్నేహితుడు ఉండటం సగం కాదు, మొత్తం అదే అని బుద్ధుడు ఆనందుడితో అన్నట్టు బౌద్ధ గ్రంథాల్లో ఉంది. ఆ మాట అర్థం ఇలాంటి రాత్రుల్లోనే తెలుస్తుంది.

ఆదివారం: నాగార్జునకొండ, అనుపు

ఆదివారం కాబట్టి క్రైస్తవ ఫ్రెండ్స్ ఉంటే వాళ్ళ ఆరాధనకి టైం ఇవ్వండి. ప్లాన్‌లోనే పెట్టుకోవాలి అది, 'ఈ ఒక్క వారం మానేయరా' అనొద్దు. పల్నాడులో ఆ నమ్మకానికి కూడా పాత చరిత్ర ఉంది. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాల వచ్చి పని మొదలుపెట్టాడు. మా వాడు పొద్దున్నే కాటేజీ బయట రాయి మీద కూర్చుని బైబిల్ చదువుకున్నాడు. మేం ముగ్గురం వాడికి టీ తెచ్చిపెట్టి దూరంగా ఉన్నాం.

తర్వాత విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండ. లాంచీ టైమింగ్స్ ముందురోజే కనుక్కోండి, నీటిమట్టాన్ని, గాలిని బట్టి మారుతుంటాయి.

ఇప్పుడు మనం ద్వీపంగా చూసేది ఒకప్పుడు లోయ మధ్యలో కొండ. కింద లోయలో 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి. 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు చేశారు. ముఖ్యమైన కట్టడాల్ని విప్పి, కొన్నిటిని కొండ మీదికి, కొన్నిటిని అనుపుకి తెచ్చి మళ్ళీ కట్టారు.

ఇక్కడ రెండు విషయాలు చూడండి. ఒకటి విహారాల ప్లాన్. మధ్యలో స్తంభాల మండపం, దాని చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు. ఒక్కో గది ఒక మనిషి పడుకుని, కూర్చుని ధ్యానం చేసుకునేంత. గది తలుపు తీస్తే అందరూ కలిసే మండపం. అంటే ఒంటరితనానికి చోటుంది, కలయికకీ చోటుంది. రెండిటి మధ్య ఒక్క గుమ్మమే. మన ట్రిప్ కూడా అలాగే ఉండాలి. 24 గంటలూ గుంపుగా ఉంటే ఎవడి లోపలికి వాడు వెళ్ళలేడు. ఎవడి ఫోన్లో వాడుంటే అది కలయిక కాదు.

రెండోది ఇక్ష్వాకుల ఇల్లు. రాజు చాంతమూలుడు వైదిక యజ్ఞాలు చేశాడు, అశ్వమేధం కూడా చేశాడు. ఆయన చెల్లెలు చాంతిసిరి బౌద్ధ ఉపాసకురాలు. ఇక్కడి మహాచైత్యానికి దానాలు చేసింది ఆవిడే. శాసనాల్లో పేరుంది. అన్న యజ్ఞం చేశాడు, చెల్లెలు స్తూపం కట్టించింది, ఇల్లు ఒకటే. అక్కడే వేర్వేరు బౌద్ధ శాఖలకి వేర్వేరు విహారాలు, సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం ఒకటి. పక్కపక్కనే ఉన్నారు. 1,700 ఏళ్ళ కిందట ఈ లోయలో కుదిరింది మన నలుగురి గ్యాంగ్‌లో కుదరదా?

సాయంత్రం అనుపులో ఒక గంట మౌనం పెట్టుకోండి. ఒక్కొక్కరు ఒక్కో చోట, ఫోన్ లేకుండా. మొదటి పావుగంట బోర్ కొడుతుంది, చెయ్యి జేబులోకి పోతుంది. తర్వాత సర్దుకుంటుంది. మా గంట అయ్యాక దేవుడు లేడనే వాణ్ణి ఎలా ఉందిరా అంటే "బాగుంది" అన్నాడు. వాడి నోటి నుంచి అంతకంటే ఎక్కువ రాదు. కీబోర్డ్ వాయించేవాడు మాత్రం ఇంకో మాట చెప్పాడు. "రోజూ పరలోక ప్రార్థన చెప్తాను రా. ఇవాళ క్షమించే మాట దగ్గరికి వచ్చి ఆగిపోయాను. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను." క్షమించేశానని చెప్పలేదు. మేం అడగలేదు. అడగకపోవడం కూడా స్నేహమే.

సోమవారం నుంచి ఏం చేయాలి?

ట్రిప్ హై రెండు రోజుల్లో దిగిపోతుంది. అందుకని తిరుగు దారిలోనే రెండు విషయాలు అనుకోండి. నెలకి ఒకసారి నలుగురూ ఎవరో ఒకరి ఇంట్లో భోజనం చేయాలి. హోటల్లో కాదు, ఇంట్లో. వంతుల వారీగా. రెండోది, ఆ రాత్రి విన్న మాట మీద ఎవరు ఏం చేయాలో వాళ్ళే తేల్చుకోవాలి. గ్రూపులో రిమైండర్లు వద్దు.

ఆ గ్లాసు సంగతి ఏమైంది అని కామెంట్స్‌లో అడుగుతారు, తెలుసు. మావాడు ఇంటికెళ్ళి వాళ్ళ అమ్మతో, నాయనమ్మతో మాట్లాడాడు. ఇంట్లో గొడవైంది. ఇంకా పూర్తిగా తేలలేదు. నాలుగో నెల వంతు వాళ్ళింటిదే. ఆ రోజు వాడే నలుగురికీ ఒకే రకం గ్లాసులు పెట్టి, తిన్నాక నాలుగూ వాడే కడిగాడు. నాయనమ్మ బయటికి రాలేదు. మా రెండోవాడు వచ్చాడు, తిన్నాడు, ఇంకొంచెం పప్పు వెయ్యి అని అడిగి వేయించుకున్నాడు. అంతవరకే జరిగింది. మూడేళ్ళలో జరగనిది జరిగింది.

చివరిగా చిన్న చెక్‌లిస్ట్. మార్చి నుంచి జూన్ దాకా ఈ రూట్ వద్దు. రెంటచింతల ఎండ గురించి మన జిల్లాలో చెప్పక్కర్లేదు. వానలు పడ్డాక, చలికాలం ముగిసేలోపు మంచిది, ఎత్తిపోతలలో నీళ్ళూ ఉంటాయి. నలుగురు, మహా అయితే ఆరుగురు. అంతకంటే ఎక్కువైతే రాత్రి మాటలు సాగవు. ఇంట్లో నిజం చెప్పి వెళ్ళండి. ఎక్కడ ఉంటున్నారో, ఎవరి ఫోన్ ఆన్‌లో ఉంటుందో రాసిచ్చి వెళ్ళండి. అమ్మాయిల గ్యాంగ్ అయితే రూము ముందే కన్ఫర్మ్ చేసుకుని, వెలుగుండగానే చేరేలా ప్లాన్ చేసుకోండి. ఖర్చు నలుగురికీ సమానంగా రాకపోతే ఉన్నవాడు కొంచెం ఎక్కువ వేసుకోండి, ఎవరెంత వేశారో పైకి అనొద్దు. డబ్బుల్లేక ఒకడు ఆగిపోతే మిగతా ముగ్గురూ ఆగిపోండి. వచ్చే నెల వెళ్ళొచ్చు.

మీ గ్యాంగ్‌లో 'ఇప్పుడే తినొచ్చా రా' అనేవాడు ఎవడో మీకు ఈపాటికి గుర్తొచ్చే ఉంటాడు. ఈ ఎపిసోడ్ వాడికి ఫార్వర్డ్ చేయొద్దు. వాడికి ఫోన్ చేసి, వచ్చే శనివారం ఖాళీగా ఉన్నావా అని అడగండి.

ఉంటాను ఫ్రెండ్స్. వచ్చే వారం కలుద్దాం.